రెండువందల యాభై మాటల్లో అమ్మ

ఒక అమ్మ రెండుసార్లు చావడానికి వీల్లేదని కోరిన్ బాస్కమ్ తేల్చి చెప్పేసింది.

ఆమె చెప్పింది ల్యాప్‌టాప్ తెర మీంచి. ల్యాప్‌టాప్ వంటింటి బల్ల మీద ఉప్పుడబ్బాకి ఆనించి ఉంది. అవతల బోస్టన్‌లో ఆమె గిన్నెలోంచి సలాడ్ తింటోంది. ఇవతల డలూత్‌లో హాగెన్ వాళ్ళ కవలపిల్లలు బ్రీటా, సిగ్నే ఒకే బెంచీ మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు.

"అర్థం కాలేదు," అంది బ్రీటా.

"ఇందులో అర్థం కానిదేముంది బంగారం. వెదర్లీ కాలేజీలో మీ ఉత్తర మిన్నెసోటా దరఖాస్తులన్నీ చదివేది ఒక్కడే. మీ స్కూలు ఫైళ్ళు ఒకదాని వెనక ఒకటి, ఒక్క ఊపులో చదివేస్తాడు. ఫైలుకి ఎనిమిది నిమిషాలు. నీ ఫైల్లో మీ అమ్మ కేన్సర్‌తో పోయింది. అయ్యో పాపం అనుకుంటాడు. తర్వాతి ఫైలు తెరుస్తాడు. మళ్ళీ అదే అమ్మ, అదే కేన్సర్, అదే ఏప్రిల్. ఈసారి అయ్యో అనుకోడు. కాఫీకి లేస్తాడు."

ఆమెకి తెలుసు. పదకొండేళ్ళు అలాంటి కుర్చీలోనే కూర్చుని, వేల మంది పిల్లల బతుకుల్ని ఎనిమిదేసి నిమిషాల్లో చదివి పక్కన పెట్టిన మనిషి. ఇప్పుడు ఆ కుర్చీని దాటడం ఎలాగో గంటల లెక్కన నేర్పుతోంది. అమ్మ చెల్లెలు లొరేన్ పిన్ని ఏటా క్రిస్మస్‌కి ఇద్దరికీ స్వెటర్లు పంపేది. ఈ ఏడాది స్వెటర్లు మానేసి, అక్టోబర్లోనే ఆరు గంటల కోరిన్‌ని కొనిచ్చింది.

కాలేజీలన్నిటికీ కలిపి పంపే పెద్ద వ్యాసం వేసవిలోనే అయిపోయింది. అది సభలో అందరికీ కలిపి పెట్టే దణ్ణం లాంటిది, ఎవరికీ తగలదు. పీకల మీదికి తెచ్చేది ఒక్కో కాలేజీ విడిగా అడిగే చిన్న వ్యాసం. వెదర్లీ వాళ్ళు అడిగింది ఇది: మీ ఇంట్లో మిమ్మల్ని మీరుగా తయారుచేసిన ఒక్క సంగతి చెప్పండి. రెండువందల యాభై మాటలు దాటకూడదు.

ఆ ఇంట్లో సంగతి ఒకటే ఉంది. అది ఏప్రిల్ పదకొండున వెళ్ళిపోయింది.

వెదర్లీ ఇద్దరికీ కావాలి. సంపాదన తక్కువున్న ఇళ్ళ పిల్లలకి చదువు, తిండి, మంచం, విమానం టికెట్టు అన్నీ ఇచ్చేది దగ్గర్లో గానీ దూరంలో గానీ అదొక్కటే. నాన్న డేల్ ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. ఇబ్బంది ఎక్కడంటే, వీళ్ళ స్కూలు నుంచి వెదర్లీ ఏడాదికి ఒక్కరినే తీసుకుంటుంది. ఇద్దరిని తీసుకున్నట్టు స్కూలు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. రాకపోతే కొండ దిగువన రెండేళ్ళ కాలేజీ ఉంది. అక్కడ చేరితే బ్రీటా ఇప్పుడు సాయంత్రాలు చేసే పనే జీవితమంతా చేస్తుంది. జూన్ నుంచీ ఆమె వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళ ఒళ్ళు తుడిచి, దుప్పట్లు మార్చి, పక్కకి తిప్పి పడుకోబెడుతోంది. అమ్మ దగ్గర నేర్చుకున్న పని వృథా పోకూడదన్నట్టు.

"సరే, ఇద్దరి చిత్తుప్రతులూ చదివాను," అంది కోరిన్. ఫోర్కు పక్కన పెట్టింది. "బ్రీటా, నీది చదువుతున్నా విను. 'ఉదయం ఆరు: మార్ఫిన్ చుక్కలు. ఆరున్నర: దుప్పట్లు. ఏడున్నర: స్కూలు బస్సు. మూడున్నర: నర్సు దగ్గర చార్టు తీసుకున్నాను. నాలుగున్నర: సూప్, మూడు చెంచాలు.' ఇలా కిందిదాకా ఉంది. ఏంటమ్మా ఇది?"

"అది జరిగిందే."

"జరిగింది కాబట్టే అడుగుతున్నా. ఇది ఆస్పత్రి చార్టు. చార్టు చదివి ఎవడూ ఏడవడు."

సిగ్నే టీషర్టు మెడని నోట్లో పెట్టుకుని కొరుకుతోంది.

"ఇప్పుడు సిగ్నేది. 'అమ్మ ఒకరోజు కాళ్ళు కడగమంది. థ్యాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీకోడిని కాల్చే పళ్ళెంలో వేణ్ణీళ్ళు పోశాను. ఇంట్లో అంత పెద్ద పాత్ర అదొక్కటే. మూలల్లో మిగిలిన పాత కొవ్వు నీళ్ళ మీద చిన్న చిన్న బంగారు చుక్కల్లా తేలింది. అమ్మ ఒంగి చూసి, ఈసారి థ్యాంక్స్‌గివింగ్‌కి నన్నే వండుతున్నావా, అంది.'" కోరిన్ ఆగింది. "చూశారా, ఇక్కడ నేను తినడం ఆపేశాను. నేను తినడం ఆపనమ్మా, ఊరికే."

బ్రీటా చెల్లెలి వైపు తిరిగింది. ఆ మాట తను సిగ్నేకి చెప్పింది అంత్యక్రియల రోజున, కార్లో, హీటరు వేసుకుని కూర్చుని. ఆ వసంతమంతా సిగ్నే స్నేహితురాలు టోవే వాళ్ళింట్లో ఉంది. పరీక్షలంది, స్కేటింగ్ అంది, తర్వాత ఏమీ అనడం మానేసింది. పళ్ళెం ఏ అలమరలో ఉంటుందో కూడా దానికి తెలీదు.

"కడిగింది నేను," అంది బ్రీటా.



"మరి నువ్వెందుకు రాయలేదు?" అంది కోరిన్. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"రాయాల్సిన సంగతని అనుకోలేదు."

"అదీ తేడా," అంది కోరిన్. "ఒకరు కడుగుతారు, ఒకరు చూస్తారు. కాలేజీకి కావాల్సింది చూసేవాళ్ళు. సరే, ఎవరు కడిగారన్నది నాకనవసరం. నేను తెలుసుకోకూడదు కూడా. ఆదివారానికల్లా మీలో మీరు తేల్చుకోండి. అమ్మ ఎవరికో చెప్పండి, రెండోవాళ్ళకి వేరే ఏదైనా వెతుకుదాం. ఇవాళ్టికి గంట అయిపోయింది."

తెర నల్లగా అయిపోయింది. అందులో ఇద్దరి ముఖాలూ కనిపించాయి, ఒకే ముఖం రెండు కాపీల్లా.

"నువ్వది దొంగతనం చేశావ్," అంది బ్రీటా.

"అరువు తీసుకున్నా. నువ్వు వాడుకోవట్లేదు కదా."

"సిగ్గులేదే నీకు?"

"ఉంది. కానీ దాన్ని ఏ గడిలో రాయాలో తెలీట్లేదు." సిగ్నే లేచి ఫ్రిజ్ తెరిచింది, ఏమీ తీసుకోకుండా మూసింది. "చూడు బ్రీటా, నువ్వు రాస్తే అది పాడైపోతుంది. అది నీకూ తెలుసు. అమ్మని మందుల చీటీలా పంపుతావ్. నేను రాస్తే కనీసం మనిషిలా ఉంటుంది."

"ఆ మనిషి దగ్గర ఒక్క పూట కూర్చున్నావా?"

"అదిగో, మొదలుపెట్టావ్. పదకొండు నిమిషాల పెద్దరికం."

హాగెన్‌లకి పోట్లాడటం రాదు. గొంతు కొంచెం పెరిగితే చాలు, ఎవరో ఒకరు లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోతారు. తేల్చుకోవాల్సినవి తేల్చుకోడానికి ఆ ఇంట్లో ఇంకో పద్ధతుంది. పేకముక్కలు పంచి ఆడే క్రిబేజ్. వరసగా చిల్లులు పొడిచిన చెక్క మీద, వచ్చిన పాయింట్లకి మేకులు ముందుకి గుచ్చుకుంటూ వెళ్ళాలి. ముందు నూట ఇరవై ఒకటికి చేరినవాళ్ళ మాట చెల్లుతుంది. గిన్నెలెవరు కడగాలి, కారు ముందు సీటెవరిది, అమ్మమ్మ గొలుసు ఎవరికి, అన్నీ దాని మీదే తేలాయి. ఓడినవాళ్ళు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

శనివారం మధ్యాహ్నం డేల్ పనినుంచి వచ్చి, బూట్లకున్న బురద గీకి, సంగతంతా నిలబడే విన్నాడు. ఎవరి పక్షమూ పట్టలేదు. అలమరలోంచి చెక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"నాన్నా, ఇది గిన్నెల సంగతి కాదు," అంది బ్రీటా.

"తెలుసు. ఇద్దరూ నా పిల్లలే, నేనేం చెప్పను? ఆడండి. ఎవరికొస్తే వాళ్ళది."

"నాన్న చెప్పింది న్యాయమే," అంది సిగ్నే. ముక్కలు కలపడం అప్పటికే మొదలెట్టేసింది.

న్యాయమని డేల్ కూడా నిజంగానే నమ్మాడు. పొయ్యి దగ్గర నిలబడి, అడవి బియ్యం సూప్ కలుపుతూ, ఆట వైపు చూడకుండా లెక్క మాత్రం వింటున్నాడు. అమ్మ ఉన్నరోజుల్లోనూ అంతే. మంచం ఉన్న పైగది వైపు తలెత్తకుండా, లోపల ఏం జరుగుతోందో వంటింట్లోంచి వినేవాడు.

ఆట గంటకి పైగా సాగింది. చివరి పంపకంలో లెక్క దగ్గరికొచ్చేసరికి బ్రీటాకి ఆరు కావాలి, సిగ్నేకి తొమ్మిది. పంచింది సిగ్నే, కాబట్టి లెక్క ముందు చెప్పుకునేది బ్రీటా. ఆమె ముక్కలు పరిచింది. కలిపి పదిహేనైతే రెండు పాయింట్లు, ఒకేలాంటివి రెండుంటే ఇంకో రెండు.

"పదిహేనుకి రెండు. పదిహేనుకి నాలుగు. జత, ఆరు." మేకు చివరి చిల్లులో గుచ్చింది.

సిగ్నే తన ముక్కలు తిప్పింది. పన్నెండు. తనకి కావాల్సినదానికంటే మూడు ఎక్కువే. కానీ లెక్క వంతు దాటిపోయింది.

"సరే మరి," అన్నాడు డేల్. "అమ్మ బ్రీటాది."

అనేశాక తనన్నదేమిటో తనకే వినిపించినట్టుంది. గరిటె సూప్‌లో వదిలేసి, చెత్త బుట్ట నిండిందా అని చూడ్డానికి వెళ్ళాడు. అది ఖాళీగానే ఉంది.

కోరిన్‌తో తర్వాతి గంట బ్రీటా ఒక్కతే కూర్చుంది. గెలిచిన పళ్ళేన్ని వ్యాసంలో పెట్టాలని రెండ్రోజులు చూసింది. పెట్టినప్పుడల్లా అది సిగ్నేదాన్ని చూసి రాసినట్టు వచ్చింది. నీళ్ళ మీద బంగారు చుక్కలు ఆమె చూడలేదు. ఆమె చూసింది కొవ్వు. పళ్ళెం సరిగ్గా తోమలేదే, అమ్మ మడమ పగుళ్ళలోకి వెళ్తుందేమోనని భయపడింది. చివరికి ఇలా రాసింది: 'నాలుగు: కాళ్ళు కడిగాను.'

"నాలుగు, కాళ్ళు కడిగాను," అని పైకి చదివింది కోరిన్. నుదురు రుద్దుకుంది. "బంగారం, బంగారు గనిలో కూర్చుని బొగ్గు ఏరుతున్నావ్. ఏడిచావా?"

"టైమెక్కడిది?"

"అది రాయి."

"అది రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టు ఉండదా?"

"ఇది గొప్పలు చెప్పుకునే ఫారమే, ఇంకేమనుకున్నావ్? పోనీ ఇది చెప్పు. కోపమొచ్చేదా ఆవిడ మీద? త్వరగా అయిపోతే బాగుణ్ణని ఎప్పుడైనా అనిపించిందా? నా దగ్గర మంచిపిల్ల వేషాలొద్దు. అందరికీ అనిపిస్తుంది. ఒప్పుకున్నవాళ్ళకే సీటొస్తుంది."

అనిపించడం కాదు, అంది కూడా. మార్చి రెండో వారం. అమ్మ మందుకి నోరు తెరవలేదు. బయట స్కూలు బస్సు హారన్ కొడుతోంది. "ఇంకా ఎన్నాళ్ళమ్మా, నాకు స్కూలుంది," అంది బ్రీటా. అమ్మ 'సారీ' అని నోరు తెరిచింది. పక్షిపిల్ల తెరిచినట్టు, బాగా పెద్దగా, ఈసారి కష్టం కలగకూడదన్నట్టు.

అది రాస్తే కోరిన్ మళ్ళీ తినడం ఆపుతుందని బ్రీటాకి తెలుసు. వెదర్లీ కుర్చీలో ఉన్నవాడు కాఫీ మర్చిపోతాడని కూడా తెలుసు. ఆ నోరు ఆమె కళ్ళముందు తెరుచుకునే ఉంది. దాన్ని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఎనిమిది నిమిషాల్లో చూసి, మార్కులేసి, మూసేస్తాడు.

"లేదు," అంది. "ఎప్పుడూ అనిపించలేదు."

కోరిన్ కాసేపు చూసింది. అబద్ధమని ఆమెకి తెలిసింది. తెలిసిందని బ్రీటాకీ తెలిసింది.

"నీ ఇష్టం," అంది కోరిన్. "అయితే టైములతోనే పంపు. కనీసం అక్షరదోషాల్లేవు."

మిగిలిన గంటల్లో మూడు సిగ్నే తీసుకుంది. పైన తన గదిలో తలుపేసుకుని మాట్లాడింది. కిందికి కోరిన్ నవ్వు వినిపించేది, తర్వాత చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. ఆ ఏమీ వినిపించకపోవడమే బ్రీటాకి నచ్చలేదు.

"ఏం రాస్తున్నావ్?" అని అడిగింది ఒకరోజు, బట్టలు మడతపెడుతూ.

"నా గురించే."

"అమ్మ ఉందా అందులో?"

"అమ్మ చావదులే, కంగారుపడకు. ఆట ఓడిపోయాను, గుర్తుంది." సిగ్నే తన సాక్సులు ఏరుకుంది. "నీది పంపు, తప్పులు చూస్తా."

పంపింది. గంటలో తిరిగొచ్చింది. "రెండు కామాలు మార్చా. మిగతాది బానే ఉంది," అని రాసుంది. డలూత్‌లో 'బానే ఉంది' అంటే దాని గురించి ఇంక మాట్లాడుకోవద్దని. బ్రీటాకి అది తెలుసు. అయినా, నిజం రాశాను కదా, నిజం ఎక్కడికి పోతుందిలే అనుకుంది. అక్టోబర్ ముప్ఫై ఒకటిన, మొదటి మంచు పడుతుంటే, ఇద్దరూ ఒకే బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని 'పంపు' అన్న బొత్తాలు నొక్కారు.

ఫలితాలు డిసెంబర్ పద్నాలుగున, సాయంత్రం నాలుగింటికి. ఊరి పక్కన సరస్సు అప్పటికే గడ్డకట్టే పనిలో ఉంది. డేల్ నారింజరంగు కోటు విప్పకుండానే వాళ్ళ వెనక నిలబడ్డాడు. ముందు సిగ్నే తెర తెరుచుకుంది. అందులో రంగు కాగితాలు రాలాయి, ఒక గంట మోగింది. బ్రీటా తెర మీద అక్షరాలే వచ్చాయి. 'మీ దరఖాస్తు చదవడం మాకొక గౌరవం,' అని మొదలైంది. గౌరవంతో మొదలైన ఉత్తరాన్ని చివరిదాకా చదవక్కర్లేదు.

సిగ్నే తెరలో గంట ఇంకా మోగుతోంది. దాన్ని ఎలా ఆపాలో ఆమెకి దొరకలేదు.

"ఇద్దరిలో ఒకరికి వచ్చింది," అన్నాడు డేల్ చివరికి. "మీ అమ్మ సంతోషించేది." ఇద్దరి తలల మీదా చేతులు పెట్టాడు, ఒక్కో తల మీద సరిగ్గా అంతే బరువుతో. తర్వాత మంచు పడుతోందని, పిలుపొస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు.

"చూపించు," అంది బ్రీటా.

"ఏంటి?"

"నువ్వు రాసింది."

"ఇప్పుడొద్దు."

"ఇప్పుడే."

సిగ్నే ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. తిప్పి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

'మా అక్క నాకంటే పదకొండు నిమిషాలు పెద్దది. ఈ వసంతంలో పదకొండేళ్ళు పెద్దదైపోయింది. నేను కారు మా వీధిలోకి తిప్పి, పైగదిలో దీపం చూసి, ఆపకుండా వెళ్ళిపోయేదాన్ని. లెక్కపెట్టాను, పందొమ్మిదిసార్లు. ఆ దీపం కింద మా అక్క అమ్మ దుప్పట్లు మారుస్తూ ఉంటుందని నాకు తెలుసు. సబ్బుకి ఆమె వేలి కణుపులు పగిలిపోయాయి. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు. మా ఇంట్లో నన్ను తయారుచేసింది, నేను అడుగుపెట్టని ఆ గది.'

ఇంకా ఉంది. అంతా అలాగే ఉంది. అమ్మ నిజంగానే చావలేదు. చివరి వాక్యందాకా పైగదిలో బతికే ఉంది.

బ్రీటా రెండుసార్లు చదివింది. బాగుంది. అందులో ఉన్న అక్కని ఎవరైనా ప్రేమిస్తారు. ఆ అక్కకి వ్యాసం రాయాల్సిన అవసరం కూడా ఉండదు.

"నేను పిలిచాను," అంది.

సిగ్నే తిరగలేదు.

"మార్చి తొమ్మిది. మార్చి పదమూడు, మూడుసార్లు. ఏప్రిల్‌లో రోజూ." బ్రీటా ఫోన్ తీసి పైకి జరుపుతూ చదివింది. "'ఎక్కడున్నావ్.' 'గంట రా చాలు.' 'ప్లీజ్ సిగ్, నేను నిద్రపోయి రెండ్రోజులైంది.' 'అమ్మ నిన్ను అడుగుతోంది.' దీనికి నువ్వు బొటనవేలి బొమ్మ పంపావ్."

"తెలుసు."

"మరి పిలవలేదని ఎందుకు రాశావ్?"

"ముందు పిలిచావనే రాశాను." సిగ్నే గొంతు చిన్నదైపోయింది. "కోరిన్ తీసేయమంది. పిలవకపోయినా వెళ్ళాల్సింది, వెళ్ళలేదు అంటే అది పశ్చాత్తాపం. పిలిచినా వెళ్ళలేదంటే రాక్షసి. రాక్షసిని హాస్టల్లో ఎవరు పెట్టుకుంటారంది. సిగ్గు కొంచెం పడితే సీటొస్తుందట. మొత్తం పడితే రాదట."

"పందొమ్మిదిసార్లు?"

"అది నిజం." సిగ్నే ఇప్పుడు తిరిగింది. ముఖం తడిసి ఉంది. "అది మాత్రం నిజమే బ్రీటా. ఇంకా ఎక్కువే అయ్యుంటుంది."

బ్రీటా ఆ ముఖాన్ని చూసింది. తన ముఖమే. తను ఏడిస్తే ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు, ఇదిగో ఇలా ఉంటుందన్నమాట అనుకుంది.

మర్నాడు కోరిన్ పిలిచింది. ఆరో గంట ఇంకా మిగిలుంది. ముందు సిగ్నేకి అభినందనలు చెప్పింది. తర్వాత గొంతు మార్చి బ్రీటాకి ఓదార్పు చెప్పింది, అది రెండు నిమిషాల్లో అయిపోయింది.

"ఒకటి చెప్పనా," అంది తర్వాత, వృత్తి మీదున్న ఇష్టం దాచుకోలేక. "వరస కలిసొచ్చింది. ఇంటిపేరు ఒకటే కాబట్టి, అసలు పేరు అక్షరాన్ని బట్టి బ్రీటా ఫైలు ముందొస్తుంది. ముందు ఆ చార్టు చదివాడు. ఆరు, మార్ఫిన్. ఆరున్నర, దుప్పట్లు. ఏంటీ పిల్ల ఇంత పొడిగా రాసింది అనుకుని పక్కన పెట్టాడు. వెంటనే సిగ్నే. అప్పుడు తెలిసింది అతనికి, ఆ చార్టు ఎవరిదో. నీ వ్యాసం దీనికి సాక్ష్యం అయిందమ్మా బ్రీటా. నువ్వు కొంచెం బాగా రాసుంటే ఇది ఇంత బాగా పండేది కాదు."

ఆ మాటలో వెటకారమేమీ లేదు. అది మెచ్చుకోలు.

"అంటే నేను..." అంది బ్రీటా.

"ఒక చిన్న సాయం. రెండిట్నీ పక్కపక్కన పెట్టి నా దగ్గరికొచ్చే పిల్లలకి చూపిస్తాను. పేర్లు తీసేస్తాను. సిగ్నే సరేనంది."

"నాది దేనికి?"

"పోలికకి."

బ్రీటా చెల్లెలి వైపు చూసింది. సిగ్నే బల్ల మీద ఎండిన సూప్ మరకని గోరుతో గీకుతోంది.

"జనవరిలో ఇంకా తొమ్మిది కాలేజీలున్నాయి," అంది కోరిన్. "నువ్వు ఒప్పుకుంటే ఇంకో నాలుగు గంటలు ఊరికే ఇస్తాను. లేదా, నిజం చెప్పనా, నీ సంగతులు నువ్వు చెప్పు, సిగ్నే రాసిపెడుతుంది. ఇద్దరూ కలిస్తే ఒక మంచి దరఖాస్తుదారు."

"రాసిపెడతాను," అంది సిగ్నే వెంటనే. "బ్రీటా, నిజంగా. నువ్వు ఊరికే చెప్తూ ఉండు. ఏదైనా. నువ్వు ఎవరికీ చెప్పనిది."

కళ్ళు ఇంకా ఉబ్బి ఉన్నాయి దానికి. అయినా ఆ ఉబ్బిన కళ్ళలో, తినడం ఆపేశానన్నప్పుడు కోరిన్ కళ్ళలో ఉన్న చూపే ఉంది. ఆకలి కాదు, ఆకలికి ముందు వచ్చేది. బ్రీటా నోటిదాకా మార్చి నెల వచ్చింది. బస్సు హారన్ వచ్చింది. ఆమె మింగేసింది.

"ఏం లేదు," అంది. "రాసిందే ఉంది నా దగ్గర."

ల్యాప్‌టాప్ మూసింది. కోరిన్ ఏదో అంటూనే ఉంది, మూత పడ్డాక ఆగిపోయింది.

"ఫోన్లో మెసేజులు," అంది సిగ్నే. "వెదర్లీకి పంపుతావా?"

"పంపితే నీ సీటు పోతుందా?"

"పోతుంది."

"నాకొస్తుందా?"

"రాదు."

"మరెందుకు పంపడం? పంపితే మళ్ళీ ఎందుకు పంపానో వాళ్ళకి ఒక వ్యాసం రాయాలి."

సిగ్నే నవ్వబోయింది. అది జోకు కాదని అర్థమై ఆగిపోయింది. అక్క భుజం మీద చెయ్యి వేసింది. బ్రీటా ఆ చేతిని పక్కకి తీసింది. విసురుగా కాదు. వృద్ధాశ్రమంలో, ఒళ్ళు తుడిచేటప్పుడు అడ్డొచ్చిన చేతిని తీసి పక్కన పెట్టినట్టు.

ఆ మధ్యాహ్నం పనికెళ్ళేముందు, కొండ దిగువ కాలేజీ నర్సింగ్ ఫారం తెరిచింది. ఫారం ఒక్క పేజీ. పేరు, పుట్టినరోజు, చిరునామా, వేయించుకున్న టీకాలు. మనుషుల్ని ఎత్తిన అనుభవం ఉందా, అని అడిగింది, ఉంది అని టిక్కు పెట్టింది. మిమ్మల్ని తయారుచేసిందేమిటని ఎవరూ అడగలేదు. ఆమె వేగంగా నింపుకుంటూ పోయింది. అడుగున ఒక్క గడి దగ్గర ఆగింది.

'అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి?'

నాన్న పేరు కొట్టింది. మంచు తోసేటప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు. మంచు ఏప్రిల్ దాకా పడుతుంది. చెరిపేసింది. సిగ్నే పేరు మొదటి అక్షరం కొట్టి, అది కూడా చెరిపేసింది. బూట్లు వేసుకుంది, లేసులు కట్టుకుంది, మళ్ళీ వచ్చి తెర ముందు నిలబడింది.

వృద్ధాశ్రమం నంబరు ఆమెకి నోటికొచ్చు. అక్కడ ఏ వేళప్పుడు మోగినా ఎవరో ఒకరు ఎత్తుతారు, అది వాళ్ళ ఉద్యోగం. ఆ నంబరు రాసింది. పక్క గడిలో 'మీకేమవుతారు' అని ఉంది. 'పనిచేసే చోటు' అని కొట్టి, పంపేసింది.